వరుస తప్పిన గ్లోరియా మోలినా

రాజకీయాల్లో క్రమశిక్షణ విలువ తెలిసినవాళ్లకే లాస్ ఏంజెలెస్ పెద్దల బాధ అర్థమవుతుంది. 1982లో తూర్పు ప్రాంతం నుంచి కాలిఫోర్నియా అసెంబ్లీకి ఎవరు వెళ్లాలో వాళ్లు ముందే కూర్చుని తేల్చేశారు. రిచర్డ్ పొలాంకో వెళతారు. మిగిలింది ఓటర్లు ఓటు వేయడం, అదీ లాంఛనమే. సరిగ్గా అప్పుడే గ్లోరియా మోలినా అనే ముప్పై మూడేళ్ల మహిళ తానూ పోటీలో ఉన్నానన్నారు. ఇది మీ వంతు కాదని, ఆడవాళ్లకు విరాళాలు రాలవని, ఇంకొన్నాళ్లు ఆగమని పెద్దలు నచ్చజెప్పారు. ఆవిడ ఆగలేదు. ఆగకపోతే పోయె, గెలిచారు కూడా. ఆ సభలో అడుగుపెట్టిన తొలి లాటినా, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న మహిళ, ఆవిడే. అంతకుముందు వరకూ లాటినాలంతా ఎంత ఒద్దికగా వరుసలో నిలబడ్డారో చూడండి!

దీనికి మూలం పెంపకంలోనే ఉందని నా అనుమానం. లాస్ ఏంజెలెస్ దగ్గరి పీకో రివేరాలో ఒక కూలీ ఇంట్లో, పదిమంది పిల్లల్లో ఆవిడ పెద్ద. పెద్దకూతురికి వంతు అనే మాటే తెలియదు. ఇంట్లో ప్రతి పనీ ఆవిడదే కదా.

చట్టసభకు రాకముందే పెద్దమనుషులకు ఆవిడ చేసిన ఇబ్బంది తక్కువేమీ కాదు. లాస్ ఏంజెలెస్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఆసుపత్రిలో 1960ల చివర, 70ల మొదట్లో ఒక పద్ధతి నడిచింది. స్పానిష్ తప్ప మరో భాష రాని మెక్సికన్ తల్లులు ప్రసవ వేదనలో ఉండగా ఇంగ్లీషు కాగితాల మీద సంతకం చేయించి, మళ్లీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేవారు. ఇంత చురుకైన సేవ మరే ప్రభుత్వ కార్యాలయంలోనైనా ఉందా? ఎవరూ ఆగనక్కర్లేదు, అడిగే పని కూడా లేదు. కొమిసియోన్ ఫెమెనిల్ అనే మెక్సికన్ అమెరికన్ మహిళల సంస్థ ఆ తల్లుల పక్షాన నిలిచింది, దాని లాస్ ఏంజెలెస్ శాఖకు తొలి అధ్యక్షురాలు మోలినాయే. పదిమంది మహిళలు వేసిన దావాలో 1978లో న్యాయమూర్తి వైద్యులవైపే తీర్పిచ్చారు, భాష తెలియక వచ్చిన అపార్థమన్నారు. కానీ దావా ఓడినా గొడవ ఓడలేదు. సమ్మతి పత్రం స్పానిష్‌లోనూ ఉండాలని, సంతకానికీ కత్తికీ మధ్య గడువు ఉండాలని నిబంధనలు వచ్చాయి. కౌంటీ క్షమాపణ మాత్రం 2018లో వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత. తొందరపడకూడదన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అసెంబ్లీలో ఉండగా మరో అపరాధం. రాష్ట్ర ప్రభుత్వం తూర్పు లాస్ ఏంజెలెస్‌కు ఒక జైలు కానుకగా ఇస్తానంది. అప్పటికే ఆ పేటల్ని చీల్చుకుంటూ ఎన్నో ఫ్రీవేలు వేసి ఉన్నారు, జైలు ఒక్కటే లోటు. వద్దన్నారు మోలినా. ఆవిడ వద్దంటే సరిపోయేది, కానీ ఆ పేటల తల్లులు తలకు తెల్ల గుడ్డలు కట్టుకుని వీధుల్లోకి వచ్చారు. ఆ జైలు చివరికి కట్టనే లేదు. 1987లో నగర కౌన్సిల్‌కూ ఆవిడే తొలి లాటినా. ఈ దురలవాటు గురించి పదే పదే చెప్పడం నాకే విసుగు.

ఇక కౌంటీని పాలించే బోర్డు. అందులో ఐదుగురే సూపర్‌వైజర్లు, జనం వాళ్లను చిట్టి రాజులనేవారు. ఒక్కొక్కరి కింద సుమారు ఇరవై లక్షల ప్రజలు. కౌంటీ జనాభాలో మూడో వంతుకు పైగా లాటినోలైనా, పందొమ్మిదో శతాబ్దం తర్వాత ఒక్కరు కూడా ఆ కుర్చీల దాకా రాలేదు. కారణం ఏమిటో 1990లో ఫెడరల్ న్యాయమూర్తి కనుక్కున్నారు: 1981లో నియోజకవర్గాల హద్దులు గీసినప్పుడు రాజులు తమ కుర్చీల కోసం లాటినో ఓట్లను తెలిసే చీల్చారు. ఆ గీతను కాపాడుకోవడానికి కౌంటీ ఖజానా నుంచి లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ ఖజానా నింపినవాళ్లలో లాటినోలూ ఉన్నారు, వరుసలో నిలబడటానికి ఆ మాత్రం రుసుము ఉండాలి కదా. గీత మారాక 1991లో మోలినా గెలిచారు. ఓడింది రాష్ట్ర సెనేటర్ ఆర్ట్ టోరెస్, ఒకప్పుడు ఆవిడ ఆయన దగ్గర ఉద్యోగి. ఆ బోర్డుకు ఎన్నికైన తొలి మహిళ కూడా ఆవిడే. ఆ తర్వాత ఇరవై మూడేళ్లు కూర్చుని శాఖాధిపతుల్ని లెక్కలడిగారు. అడిగిన తీరు కటువుగా ఉండేదని మిత్రులే అనేవారు. నిజమే, మర్యాదగా అడిగితే మర్యాదగా దాటవేసే అవకాశం వాళ్లకు దక్కేది.

పదవీకాల పరిమితి వల్ల 2014లో దిగిపోయారు. ఆ మరుసటి ఏడాది మళ్లీ నగర కౌన్సిల్‌కు, జోసే హుయిజార్ మీద నిలబడి చిత్తుగా ఓడిపోయారు. క్రమశిక్షణ గెలిచిన ఘట్టం ఇదొక్కటే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. హుయిజార్ మొదట పాఠశాలల బోర్డు, తర్వాత కౌన్సిల్, ఆపైన భవన నిర్మాణాలకు అనుమతులిచ్చే కమిటీకి అధ్యక్షత, ఇలా ఒక్కో మెట్టూ తప్పకుండా ఎక్కిన మనిషి. బిల్డర్ల నుంచి అందింది కూడా వరుసగానే: నోట్ల కట్టలు, లాస్ వేగాస్ కేసినో చిప్పులు. 2023లో నేరం ఒప్పుకున్నారు. అదే ఏడాది మే 14న మోలినా క్యాన్సర్‌తో కన్నుమూశారు. సిటీ హాలు ముందున్న గ్రాండ్ పార్కుకు ఆవిడ పేరు పెట్టారు. హుయిజార్‌కు 2024 జనవరిలో పదమూడేళ్ల శిక్ష పడింది. ఆయన మాత్రం వెంటనే జైలుకు పరుగెత్తలేదు. ఇచ్చిన గడువంతా వాడుకుని, లొంగిపోయే తేదీ వచ్చేదాకా ఓపికగా ఇంట్లోనే ఉన్నారు.