ఇన్వర్టర్ గారికి బహిరంగ లేఖ: పది వాట్లు ఇప్పించగలరు

మహారాజశ్రీ ఇన్వర్టర్ గారికి,

నమస్కారాలు. మిమ్మల్ని కొన్నది నేనే అయినా ఈ ఇంట్లో మీకున్న పలుకుబడి నాకు లేదు కాబట్టి వినయంగానే రాసుకుంటున్నాను. ఆయుధ పూజ నాడు కారు తర్వాత బొట్టు మీకే పెడతారు. మీ పక్కన చెప్పుల స్టాండు పెట్టబోతే మా అమ్మ ఊరుకోలేదు. బ్యాటరీలో నీళ్ళు తగ్గాయేమోనని తొంగి చూస్తారు, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ తెప్పిస్తారు. ఆ మాటకొస్తే ఈ ఇంట్లో స్వచ్ఛమైన నీళ్ళు తాగేది ఇద్దరే. ఒకరు మీరు, రెండోది హాల్లో టీవీ పక్కన ఉన్న నా రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీళ్ళ గాజు తొట్టి. దాని ఉప్పు కలపడానికి ఆర్వో మీద మళ్ళీ, అది వదిలేసిన లవణాల్ని కూడా తీసేసే డీఐ ఫిల్టరు బిగించాను. మిగతావాళ్ళం క్యాన్ల అబ్బాయి ఏవి తెస్తే అవి తాగుతున్నాం.

ఇంత దగ్గరి చుట్టరికం ఉండి కూడా కరెంటు పోయినప్పుడు మీరు ఆ ట్యాంకు మొహం చూడరు. నా ఫిర్యాదు అదే.

మీ పనితనాన్ని కాదనను. కరెంటు పోతే రెప్పపాటులో అందుకుంటారు. మూడు ఫ్యాన్లు, హాలు లైట్లు, టీవీ, వైఫై, చివరికి దేవుడి గదిలో రంగు రంగుల బల్బుల తోరణం, అది పట్టపగలైనా సరే. సీరియల్లో కోడల్ని తిడుతున్న అత్తగారికి మధ్యలో కరెంటు పోయిన సంగతి కూడా తెలియదు. మీకు లైన్లు లాగిన రోజున ఎలక్ట్రీషియన్ "ఏయే పాయింట్లు ఇమ్మంటారు సార్" అని నన్నే అడిగాడు, కానీ నేను నోరు తెరిచేలోపు లోపలి నుంచి జాబితా వచ్చేసింది. అందులో గేటు లైటు ఉంది, ట్యాంకు లేదు. "చేపలు నీళ్ళల్లోనే కదా ఉన్నాయి, వాటికి కరెంటెందుకు?" అన్నది ఆనాటి తీర్పు. దాని మీద అప్పీలు అనుకోండి ఈ ఉత్తరాన్ని.

నీళ్ళల్లోనే ఉన్నాయి, నిజమే, చిక్కంతా కూడా అక్కడే ఉంది. 26 డిగ్రీల దగ్గర మంచినీళ్ళు లీటరుకు 8 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్‌ని పట్టి ఉంచుతాయి. ఉప్పునీళ్ళకి ఆ స్తోమత లేదు, 7 లోపే. వేడెక్కే కొద్దీ ఇంకా తగ్గుతుంది. ఆ కాస్త ఆక్సిజన్ కూడా పైనున్న గాలిలోంచి దిగాలి, పైనీళ్ళు కదులుతుంటేనే అది సరిగ్గా దిగుతుంది. పంపులు ఆగాయంటే నీళ్ళు కదలకుండా నిలబడిపోతాయి, ఈలోపు రెండు క్లౌన్ చేపలు, నత్తలు, పీతలు, పగడాలు, రాళ్ళ సందుల్లో కూర్చుని అమ్మోనియా తినే బాక్టీరియా, అందరూ కలిసి ఉన్నదాన్ని పీల్చేస్తుంటారు. కరెంటు సాయంత్రం పోతే కొంత నయం, పగలంతా లైటు వెలుగులో పగడాల ఒంట్లో ఉండే ఆల్గే తయారుచేసిన ఆక్సిజన్ కాస్త మిగిలి ఉంటుంది. తెల్లవారుజామున పోతే ఆ నిల్వ కూడా ఉండదు, చీకట్లో ఆల్గే కూడా పీల్చేవాళ్ళ జట్టులో చేరిపోతుంది కాబట్టి.

నా మాట మీద నమ్మకం లేకపోతే భీమవరం వైపు ఏ రొయ్యల రైతునైనా అడగండి. మనకి చప్పుడైతే మెలకువ వస్తుంది, ఆయనకి చెరువు నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు ఆగితే వస్తుంది. తెల్లారేముందు చెరువులో డీవో, అంటే నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుందని, రొయ్య పైకి తేలిపోయాక ఎంత పరిగెత్తినా లాభం లేదని ఆయనకి ఎవరూ క్లాసు పీకక్కర్లేదు, గట్టు మీద జనరేటర్ డీజిల్‌తో సహా సిద్ధంగా ఉంటుంది. లక్షలు నీళ్ళల్లో పోసినవాడికి శాస్త్రం తొందరగా ఒంటబడుతుంది. మా ట్యాంకులో ఎంత పోశానో ఇంట్లో ఇంకా చెప్పలేదు కాబట్టి మావాళ్ళకి ఒంటబట్టలేదు.

సరే, మీకు అర్థమయ్యే భాషలో, వాట్లలో మాట్లాడుకుందాం. మీ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్లు, గుణిస్తే 1800 వాట్ అవర్లు. మీ కమీషను, బ్యాటరీ గారి వయోభారం తీసేసి 1200 అనుకుందాం. పాతకాలం సీలింగ్ ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు లాగుతుంది. మూడు ఫ్యాన్లు, టీవీ, లైట్లు, బల్బుల తోరణం కలిపితే 350 దాటుతుంది, అంటే మూడున్నర గంటలు తిరక్కుండానే మీరు కుయ్ కుయ్ మంటారు. ట్యాంకులో నీళ్ళని అలల్లా కదిపే నా చిన్న పంపు, వేవ్‌మేకర్, తాగేది 10 వాట్లు. పదే! ఒక్క ఫ్యాను ఆపితే ఏడు ట్యాంకులు ఊపిరి పీల్చుకుంటాయి. మిగతావన్నీ ఆపేసి అదొక్కటే నడిపితే, మీ సొంత ఖర్చు కలుపుకున్నా ఒక పగలూ రాత్రీ లాగించగలరు. నేను లైట్లు అడగడం లేదు, పగడాలు రెండు రోజులు చీకట్లో ఉంటే ఏమీ అయిపోవు, తుఫాను మబ్బులు వాటికి కొత్తా. నీళ్ళల్లో మురికిని నురగగా పైకి తీసే స్కిమ్మర్ అడగడం లేదు. కింది నీళ్ళని పైకి తోసే రిటర్న్ పంపు కూడా అడగడం మానేశాను. నీళ్ళు పైపైన కదిలితే చాలు అంటున్నాను.

ఈ లెక్క కాగితం మీద వేసి మా అమ్మకి చూపించాను. మొత్తం విని, "అయితే నీ గదిలో ఫ్యాను ఆపుకో" అంది.

మీరు పట్టించుకోని రాత్రుల్లో ఏం జరుగుతుందో కూడా చెప్తాను. ట్యాంకు పక్కన స్టూలేసుకుని, చెంబుతో నీళ్ళు ముంచి, జానెడెత్తు నుంచి మళ్ళీ అందులోనే పోస్తూ కూర్చుంటాను, బుడగలు రావాలి కదా. చూసేవాళ్ళకి అభిషేకంలాగే ఉంటుంది, కాకపోతే చదివే మంత్రాలు మీ గురించి. నెత్తిమీద ఫ్యాను మాత్రం మీ దయవల్ల హాయిగా తిరుగుతుంటుంది.

మీకు ప్రత్యామ్నాయాలు చూడలేదనుకోకండి. గుప్పెట్లో పట్టే యూఎస్‌బీ ఎయిర్ పంపు ఉంది, ఒకటి రెండు వాట్లతో బతికేస్తుంది, చవక కూడా. దాన్ని తీసుకెళ్ళి మీ తమ్ముడు పవర్ బ్యాంకు గారికి తగిలిస్తే, ఇంత తక్కువ తాగుతోందంటే ఫోను నిండిపోయి ఉంటుందిలే అనుకుని ఆయన కాసేపటికి కళ్ళు మూసేస్తారు. మీ వంశంలోనే ఉంది ఈ బుద్ధి, ఎక్కువ అడిగేవాడికి పెడతారు గానీ గుక్కెడు అడిగినవాణ్ణి నమ్మరు. (తక్కువ కరెంటు మోడ్ ఉన్న పవర్ బ్యాంకులు దొరుకుతాయి, కొనేముందు అది చూసుకోవాలి, పంపుతో గంట సేపు నడిపి పరీక్షించాలి కూడా.) ఇంకో రకం ఎయిర్ పంపు ఉంది, మామూలప్పుడు గోడ ప్లగ్గులో ఉంటుంది, కరెంటు పోగానే లోపలి సెల్లుల మీద తనంతట తనే మొదలవుతుంది. ఇల్లు తాళం వేసి ఊరెళ్ళేవాళ్ళకి దేవుడిచ్చిన వరం అది. మా ఇంట్లోనూ ఒకటుంది, అందులో సెల్లులు మాత్రం టార్చిలైట్‌లో ఉంటాయి.

మీకు సంబంధం లేనిదే అయినా కేబినెట్ కింద సంగతి చెప్పకపోతే మనసు ఊరుకోదు. పై ట్యాంకు నీళ్ళు అడుగున ఉన్న సంప్ అనే రెండో తొట్టిలోకి దిగుతాయి, రిటర్న్ పంపు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. కరెంటు పోతే తోసేవాడు ఆగిపోతాడు గానీ దిగే నీళ్ళు వెంటనే ఆగవు. పైగా రిటర్న్ పైపు మూతి నీళ్ళల్లో లోతుగా ఉంటే అదే పైపులోంచి సైఫన్ పట్టి నీళ్ళు వెనక్కి కూడా దిగుతాయి. సంప్‌లో అన్నిటికీ చోటు ఉంటే సరే, లేకపోతే హాల్లో ఉప్పునీళ్ళు, అది కూడా ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉన్న వైపే వెళ్తాయి. అందుకే పైపుకి పైనీళ్ళకి కాస్త కిందుగా చిన్న బెజ్జం పెడతారు, నీటిమట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చుకుని సైఫన్ తెగుతుంది. ఆ బెజ్జంలో సరిగ్గా ఆ రోజే ఒక నత్త కాపురం పెట్టకుండా చూసుకోవాలి. ఇదంతా పనిచేస్తుందో లేదో తెలియాలంటే కరెంటు ఉన్నప్పుడే ప్లగ్గు పీకి చూసి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో సంప్ మీద మార్కరుతో గీత గీసుకోవాలి. నేను ఆ రిహార్సల్ మొదలుపెట్టగానే మా ఆవిడ వంటింట్లోంచి, "ఏవండీ, కరెంటు వాళ్ళు తీసేది చాలదా, మీరు కూడానా?" అంది. మళ్ళీ ప్లగ్గు పెడితే సంప్ నిండా ఉన్న నీళ్ళకి స్కిమ్మర్ పొంగి కప్పు దాటింది, అందుకని దాన్ని మాత్రం ఓ పది నిమిషాలు ఆగి వేసుకోవాలి.

ట్యాంకు నీళ్ళు చల్లబరిచే చిల్లర్ విషయంలో మీ పరిమితి నాకు తెలుసు. అది కంప్రెసర్ జాతి, స్టార్టయ్యేటప్పుడు అడిగే కరెంటు చూసి మీరు ఓవర్‌లోడని కేకలు పెడతారు. అడగను లెండి. మే నెల విశాఖలో నీళ్ళు మెల్లగా 30 వైపు పాకుతుంటాయి, అక్కడే చాలాసేపు ఉండిపోతే పగడాలు ఒంట్లోని ఆల్గేని బయటికి తోసేసి తెల్లబోతాయి. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరై కొంత చల్లబడతాయి గానీ మన సముద్రపు ఉక్కలో అది అంతంతమాత్రమే. అందుకని ఫ్రీజర్‌లో నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెట్టాను, మూత బిగించి ఒక్కొక్కటిగా సంప్‌లో తేలేస్తే చాలు, ఒకేసారి అన్నీ వేస్తే చేపలకి అదో షాకు. దీనికి మా అమ్మ అభ్యంతరం ఏమిటంటే, తినే వంజరానికి చోటు లేని ఫ్రీజర్‌లో చూసే చేపలకి ఐసేమిటని. ఇంటర్నెట్‌లో వెతికితే సగం సలహాలు ట్యాంకుకి దుప్పటి కప్పమనే చెప్తాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి లక్షల ఇళ్ళకి కరెంటు పోయినప్పుడు డాలస్‌లో మనవాళ్ళకి ఆ సలహా పనికొచ్చి ఉంటుంది. మనం ఇక్కడ దుప్పటి కప్పితే చేపల పులుసే.

మా నాన్నగారిది ఇంకో వాదం. బీచ్ రోడ్డు మా ఇంటికి నడిచెళ్ళే దూరం. పొద్దున్నే వాకింగ్ నుంచి వచ్చి, ట్యాంకు వైపు ఓసారి చూసి, "అక్కడ అంత సముద్రం కరెంటు లేకుండానే అలలేస్తోంది కదరా" అంటారు. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

మీకు ఈమధ్య గర్వం పెరిగిందని అనుమానం, కాబట్టి ఒక్క మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఇక్కడే తీరం దాటినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. మీలాంటి వారంతా ఆ మొదటి రాత్రే చేతులెత్తేశారు. పాలకి క్యూ, పెట్రోలుకి క్యూ. అలాంటిది మళ్ళీ వస్తే మీ ఒక్కరినీ నమ్ముకుని కూర్చోలేను. తుఫాను హెచ్చరిక వినబడగానే కొన్ని నీళ్ళు మార్చి, ఉప్పు కలిపిన నీళ్ళు ఇంకో డ్రమ్ము పక్కన పెట్టి, మేత ఆపేస్తాను. చేపలు రెండు మూడు రోజులు పస్తున్నా పోవు, తిన్నది అరగడానికే ఎక్కువ ఆక్సిజన్ కావాలి, తినకుండా వదిలేసింది కుళ్ళితే అమ్మోనియా. కారులో పెట్రోలు నింపి 12 వోల్టుల సాకెట్‌కి చిన్న ఇన్వర్టర్ సిద్ధం చేసుకుంటాను. అవును, ఇంకో ఇన్వర్టర్. అలగకండి. అందరికీ పస్తు పెట్టిన ఆ తుఫాను రాత్రి మా ఇంట్లో మాత్రం మిరపకాయ బజ్జీలు వేస్తారు, అదేం న్యాయమో.

ఇక అసలు సంగతి. శనివారం ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు, అంటే సోమవారం వస్తాడు. మీ లైను నుంచి ట్యాంకు వెనక్కి ఒక సాకెట్ లాగిస్తున్నాను, నేలకి ఎత్తుగా, నీళ్ళ చుక్క పడినా తీగ వెంట జారి ప్లగ్గులోకి పోకుండా వైరుకి కింద ఒక వంపు ఉంచి. బదులుగా దేవుడి గదిలో బల్బుల తోరణం మీ లైనులోంచి తీసేయడానికి అమ్మ ఒప్పుకుంది. దేవుడికి దీపం చాలట. ఆ ఒప్పందం ప్రకారం ఫ్రీజర్‌లో పై అర మళ్ళీ వంజరం పరమైంది. మీకేమైనా అభ్యంతరం ఉంటే సోమవారంలోపు ఒకసారి కుయ్ మనండి.

ఇట్లు,
మీ డిస్టిల్డ్ వాటర్ బిల్లులు కట్టేవాడు

తా.క.: ఆ కొత్త సాకెట్‌లో మా అబ్బాయి వేవ్‌మేకర్ పీకేసి ఫోన్ ఛార్జర్ పెట్టడం ఖాయం. వాడు పెట్టినప్పుడు, చచ్చేంత లోడు పడ్డట్టు, ఒక్కసారి ఓవర్‌లోడని అబద్ధమాడి పుణ్యం కట్టుకోండి.