అతుకు కనబడాలి

1959 మార్చి 26న కాలిఫోర్నియాలోని లా హోయాలో అమెరికన్ డిటెక్టివ్ నవలల రచయిత రేమండ్ చాండ్లర్ కన్నుమూసేనాటికి ఆయన రాస్తున్న నవల నాలుగు అధ్యాయాలే నడిచింది. డిటెక్టివ్ ఫిలిప్ మార్లో డబ్బున్నావిడను పెళ్లాడి పూడుల్ స్ప్రింగ్స్‌లో కాపురం పెట్టాడు. అసలు నేరం ఇంకా ముడిపడలేదు. మిగతాదంతా 1989లో మరో నవలా రచయిత రాబర్ట్ బి. పార్కర్ రాశారు.

డికెన్స్ వదిలి వెళ్లింది వేరు. 1870 జూన్ 9న ఆయన పోయేసరికి ‘ఎడ్విన్ డ్రూడ్’ నవల 12 నెలవారీ భాగాల్లో ఆరింటికి సరిపడానే ఉంది. ఎడ్విన్ మాయమయ్యాడు, మేనమామ జాస్పర్ మీద అనుమానం ఉంది, జవాబు లేదు. పార్కర్‌కు దొరికింది స్వేచ్ఛ. డ్రూడ్‌ను ముగించబోయేవాడి మీద పడేది బాకీ. తనతో పెళ్లి కుదిరి రద్దయిన రోజాకు చెప్పకుండా ఎడ్విన్ జేబులో దాచుకున్న ఉంగరాన్నే తీసుకోండి. శవాన్ని సున్నం తినేసినా బంగారం మిగిలి హంతకుణ్ణి పట్టిస్తుందని డికెన్స్ తనతో చెప్పినట్టు మిత్రుడు ఫార్‌స్టర్ రాశారు. ఆ ఉంగరాన్ని మరిచిన ముగింపు ఎంత బాగున్నా చెల్లదు.

అందుకే ఇంకొకరి నవలను ముగించేవాడు కలం పట్టేముందు పద్దు రాసుకోవాలి. ఏ అధ్యాయంలో ఏ రోజు, ఏ వేళ, ఎవరికి ఏం తెలుసు, ఎవరు అబద్ధమాడారు, ఏ వస్తువు ఎవరి చేతిలో ఉంది. దొరికింది చాలాసార్లు తొలి చిత్తుప్రతే కాబట్టి పొరపాట్లూ ఉంటాయి. వాటిని దిద్దకూడదు, వెనక పేజీల్లో చెప్పాలి. ఎక్కువమంది జారేది శైలి దగ్గర. చాండ్లర్ ఉపమలు అందరికీ గుర్తుంటాయి గనుక అనుకర్త పేరాకొకటి గుచ్చుతాడు. ఉపమ లేని చాండ్లర్ వాక్యాలు ఎంత పొదుపుగా నడుస్తాయో చూడడు.

ఎర్రన ఆరణ్యపర్వ శేషాన్ని నన్నయ రచనగానే సాగించి రాజరాజుకే అంకితమిచ్చాడు. మధ్యలో మూడు శతాబ్దాలు. అయినా నన్నయ ఏ పద్యం దగ్గర ఆగాడో తెలుగు పాఠకుడికి నేటికీ తెలుసు, తెలిసినందువల్ల ఎర్రన గౌరవం ఇసుమంత తగ్గలేదు.

ప్రచురణకర్తలను మేము కోరేది ఇదే. అట్ట మీద పెద్ద పేరును పెద్దక్షరాల్లో వేసి ఊరుకోవద్దు. మొదటి రచయిత మాట ఏ పేజీలో, ఏ వాక్యంతో ఆగిందో విషయసూచికలోనే చెప్పండి. ఆయన వదిలిన నోట్సు ఉంటే, ముగింపు దానికి విరుద్ధంగా వెళ్లినా సరే, ఒక్క ముక్క తగ్గించకుండా అనుబంధంగా అచ్చువేయండి.