ఎనభై మూడు రూపాయల లాభం

ప్రతి వీధిలోనూ ఒక పాయింట్ల బావగారు ఉంటారు. కొత్తిమీర కట్ట కొన్నా, క్రెడిట్ కార్డు మీద రూపాయికి ఎన్ని పాయింట్లో ముందు లెక్కేసి, తర్వాత కొత్తిమీర తాజాగా ఉందో లేదో చూస్తారు.

మార్చి పదో తారీఖున బావగారు ఆప్ తెరిచారు. కార్డుకి వార్షిక రుసుము 1,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, వెరసి 1,180 రూపాయలు. ఏడాదికి రెండు లక్షలు గీకితే ఆ రుసుము మాఫీ. ఇప్పటిదాకా గీకింది లక్షా అరవై వేలు. మార్చి 31 లోగా ఇంకో నలభై వేలు ఖర్చుపెడితే 1,180 మిగులుతుంది! ఇంత సులువైన పొదుపు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంటద్దె కార్డుతో కడదామంటే ఒక శాతం రుసుము, మళ్ళీ దానిమీద జీఎస్టీ. పదిహేను వేల అద్దెకి 177 రూపాయలు ఊరికే పోతాయి. పెట్రోలు పోయిద్దామంటే ఆ కార్డులో పెట్రోలు ఈ లెక్కలోకే రాదు. వ్యాలెట్‌లో వేసుకుంటే అదీ అంతే. ఈ మినహాయింపులన్నీ షరతుల కాగితంలో ఉంటాయి. ఆ అక్షరాలు చీమల బారులా ఉంటాయి కాబట్టి ఎవరూ చదవరు.

దాంతో బావగారు పరోపకారానికి దిగారు. పక్కింటివాళ్ళు ఫ్రిజ్ కొంటున్నారని తెలిసి, దుకాణం దాకా వెంటబడి వెళ్ళి, "నా కార్డు గీకుతానండీ, మీరు నాకు ఫోన్‌పే చేసేయండి" అని 28,000 గీకారు. ఆఫీసువాళ్ళు బిర్యానీకి వెళ్తే అందరి బిల్లూ తానే కట్టారు, 4,600. మిగిలిన 7,400కి వెట్ గ్రైండర్ వచ్చింది. ఇంట్లో ఉన్న గ్రైండర్ నిక్షేపంగా తిరుగుతూనే ఉంది.

అసలు గొయ్యి ఇక్కడుంది. పక్కింటివాళ్ళు నిజాయితీపరులు, ఆ సాయంత్రమే డబ్బు పంపేశారు. బ్యాంకు ఖాతాలో 28,000 కనబడేసరికి బావగారికి బోనసు పడ్డట్టనిపించింది. అప్పు బిల్లు రూపంలో రావడానికి ఇంకా మూడు వారాలుంది. ఈలోగా ఆ డబ్బు పెళ్ళి చదివింపులకీ, పిల్లాడి కోచింగ్‌కీ వెళ్ళిపోయింది. బిర్యానీ మిత్రులు మాత్రం "పండగయ్యాక ఇస్తాం" అన్నారు, ఏ పండగో చెప్పలేదు.

ఏప్రిల్లో స్టేట్‌మెంట్ వచ్చింది. కిందనే "కనీస చెల్లింపు" అని ఓ చిన్న అంకె, బిల్లులో అయిదు శాతం చొప్పున రెండు వేల పైచిలుకు. బావగారు అదే కట్టి హమ్మయ్య అనుకున్నారు. కనీసం కడితే ఆలస్య రుసుము తప్పుతుందంతే, వడ్డీ తప్పదు. అదీ గడువు తేదీ నుంచి కాదు, ఫ్రిజ్ కొన్న రోజు నుంచి. పైగా పాత బాకీ తీరేదాకా కొత్తగా ఏది కొన్నా మొదటి రోజు నుంచే మీటరు తిరుగుతుంది. నెలకి మూడున్నర శాతం చొప్పున 40,000కి 1,400, దానిమీద జీఎస్టీ 252, మొత్తం 1,652.

ఇక వచ్చిన పాయింట్లు చూద్దాం. వందకి రెండు చొప్పున 800. పాయింటుకి పావలా, అంటే 200 రూపాయలు. వాటిని వాడుకోవడానికి 99 రూపాయల రుసుము, జీఎస్టీతో 117. చేతికి మిగిలేది 83.

ఇంతకీ 1,180 మాఫీ అయిందా అంటే, అదీ అదే స్టేట్‌మెంట్‌లో నిక్షేపంగా కూర్చుని ఉంది. బావగారు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అరిచారు.

"సర్, కార్డు సంవత్సరం అంటే కార్డు ఇచ్చిన తేదీ నుంచి లెక్క. మీది మార్చి 5తో అయిపోయింది. కానీ కొత్త ఏడాదికి అప్పుడే నలభై వేలు చేసేశారు సర్! ఇంకో లక్షా అరవై వేలు చేస్తే చాలు" అంది ఆ అమ్మాయి, ఎంతో ఆప్యాయంగా.

అక్కయ్యగారు వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ, కనీసం ఆ గ్రైండరైనా వాపసు ఇచ్చేయండి, పెట్టె కూడా విప్పలేదు" అన్నారు.

బావగారు ఉలిక్కిపడ్డారు.

"అమ్మో, వాపసిస్తే 148 పాయింట్లు వెనక్కి లాగేసుకుంటారే!"