సక్కారా మస్తబా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ మస్తబా గారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. తమరు ప్రాచీన ఈజిప్టులో, సక్కారా శ్మశానంలో పెద్దమనుషులకు కట్టిన సమాధి. తమరి లోపల ఉన్నవారి క్షేమం అడగడం బాగుండదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

తమరు రాకముందు నైలు ఒడ్డున ఎవరైనా పోతే ఎడారి ఇసుకలో గుంట తీసి, మోకాళ్లు ముడిచి పడుకోబెట్టేవారు. వేడి ఇసుక తేమంతా పీల్చేసేది. చర్మం, జుట్టుతో సహా ఎండిపోయి శవం వేల ఏళ్లు నిలిచేది. పైసా ఖర్చు లేదు. కానీ పెద్దమనుషులకు ఇసుకలో పడుకోవడం నామోషీ అనిపించి తమరిని కట్టించారు. పచ్చి ఇటుకల దిమ్మె, లోపలికి వాలిన గోడలు, పైన చదును కప్పు, నేల అడుగున గది. ఇసుక తగలని ఆ గదిలో, చెక్కపెట్టెలో, దొరవారు నిక్షేపంగా కుళ్లిపోయారు. ఇక పేగులు తీయడం, నేట్రాన్ ఉప్పులో ఎండబెట్టడం, గుడ్డలు చుట్టడం, అన్నీ తమరు తెచ్చిపెట్టిన పనులే. పేరు మాత్రం ‘శాశ్వత గృహం’!

దొంగల సంగతి సరేసరి. నిలువు బావి తవ్వి, శవాన్ని దించి, బావినిండా రాళ్లు పోసి, దాని నెత్తిన ఊరంతటికీ కనపడేలా దిమ్మె కట్టారు. సొమ్ము ఎక్కడుందో వెతుక్కునే శ్రమ దొంగలకు లేకుండా చేశారు.

తలుపు గురించి కూడా అడగాలి. నైవేద్యం తెచ్చే పూజారికి నిజం తలుపు, ఇంటి యజమానికేమో రాతిలో చెక్కిన ఉత్తుత్తి తలుపు! ఆత్మ అందులోంచి వచ్చి తిని పోతుందట. తేతి రాజుగారి మంత్రి మెరెరుకాకు ముప్పైకి పైగా గదుల మస్తబా ఉంది. గూట్లోంచి మెట్లు దిగబోతూ ఆయన విగ్రహం ఒక అడుగు ముందుకేసింది. 4,000 ఏళ్లు దాటాయి, రెండో అడుగు పడలేదు. పన్ను లెక్కలు తేల్చని గ్రామపెద్దలను కొట్టించే బొమ్మ కూడా గోడ మీద చెక్కించుకున్నాడు. పరలోకానికి వెళ్తూ ఎవరు ఏం పట్టుకెళ్తారో చెప్పలేం.

భోజనం మాత్రం ఘనంగానే పెట్టారు, ఒప్పుకుంటాను. పురావస్తు శాస్త్రవేత్త వాల్టర్ ఎమరీ సక్కారాలో తవ్విన 3477 నంబరు సమాధిలో రెండో రాజవంశం నాటి ఒక పెద్దావిడకు రొట్టె, బార్లీ జావ, చేప, పావురం కూర, కౌజుపిట్ట, పక్కటెముకల మాంసం, అత్తి పళ్లు, జున్ను, ద్రాక్షసారా వరసగా వడ్డించి ఉన్నాయి. 4,500 ఏళ్లకు పైగా ఒక్క మెతుకు తగ్గలేదు. మా తద్దినాల్లో కాకులైతే పది నిమిషాల్లో తేల్చేసేవి.

ఇంతకీ తమరికి జరిగిన అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. జోసెర్ రాజుకు కూడా మొదట రాతి మస్తబానే మొదలుపెట్టారు. తర్వాత దాన్ని పెంచి, ఒకదాని మీద ఒకటి ఆరు మెట్లు ఎక్కించారు. పేరు పిరమిడ్‌కు పోయింది, కీర్తి దాని శిల్పి ఇమ్‌హోతెప్‌కు పోయింది. గీజాలో అయితే మరీ ఘోరం. కూఫు రాజు పిరమిడ్ పక్కన వీధులు వేసి, బంధువులకూ అధికారులకూ మస్తబాలు వరసగా కట్టారు. చచ్చినా బాస్ కళ్ల ముందే! ఆ వంశంలోనే షెప్సెస్కాఫ్ అనే రాజు పిరమిడ్ వద్దని దక్షిణ సక్కారాలో బ్రహ్మాండమైన మస్తబా లాంటిది కట్టించుకున్నాడు. చూడటానికి పర్యాటకులు పెద్దగా పోరు.

చివరిగా, దారినపోయేవాళ్లను ఆపి “మా పేరున వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు అనండి, నోటి ఊపిరే కదా ఖర్చు” అని తమరి వర్గంవారు గోడల మీద రాయించుకోవడం గమనించాను. అలాగే అన్నాను. రొట్టెలు వెయ్యి, బీరు కుండలు వెయ్యి, ఎద్దులు, బాతులు అదనం. విగ్రహాన్ని గదిలో పెట్టి గోడ కట్టేసి, చూసుకోవడానికి కళ్లెత్తున ఒక సందు వదిలారు కదా, అన్నీ ముట్టినట్టు రసీదు అందులోంచి ఇప్పించగలరు.

ఇట్లు,
ఖర్చు లేని దాత