బకెట్‌లోకి ఏది, బ్లాక్‌లోకి ఏది

గడ్డ తీసి బయాప్సీకి పంపామని డాక్టరు చెప్పింది మొదలు రిపోర్టు చేతికొచ్చేదాకా రోగి కుటుంబం పడే టెన్షన్ ఇంతా అంతా కాదు. ఆ రోజుల్లో ఆ ముక్క ఏమవుతోందో మాత్రం ఎవరూ అడగరు. అది కణజాలం కుళ్లకుండా నిలిపే ఫార్మలిన్ ద్రావణంలో నానుతుంది, ఆల్కహాల్‌లో నీటిని వదులుకుంటుంది, జైలీన్‌లో ఆల్కహాల్‌ను వదులుకుంటుంది, కరిగిన పారఫిన్ మైనాన్ని పీల్చుకుని గట్టి బ్లాక్ అవుతుంది. మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద మూడు నాలుగు మైక్రాన్ల పొరలుగా కోసి, స్లైడ్ మీద పరిచి, రంగులద్దాక గానీ పాథాలజిస్టు కంటికి అందదు. ఇంతా అయ్యాక హిస్టాలజీ ల్యాబ్‌లో రెండు మిగులుతాయి: వాడేసిన రసాయనాలు, పరీక్షకు పోగా మిగిలిన కణజాలం. ఈ మిగులును ల్యాబ్ ఎలా చూస్తోందో గమనిస్తే దాని రిపోర్టును ఎంత నమ్మవచ్చో తెలిసిపోతుందన్నది మా అభిప్రాయం.

చెత్త సంగతి పారిశుద్ధ్య సిబ్బంది చూసుకుంటారని, కంట్రోల్ కణజాలం సంగతి సీనియర్ టెక్నీషియన్ చూసుకుంటారని చాలా యాజమాన్యాల ధీమా. నిజానికి రెండు పనులకూ మూలం ఒక్కటే డబ్బా. రంగు సరిగ్గా పట్టిందో లేదో తేల్చుకోవడానికి రోగి స్లైడ్‌తో పాటు, ఫలితం ముందే తెలిసిన మరో కణజాలానికీ అదే రంగు వేస్తారు. దాన్నే కంట్రోల్ అంటారు. తూచే ముందు త్రాసును సరిచూసుకోవడం లాంటిదే ఇది. క్షయ క్రిములను వెతికే రంగుకు క్షయ ఉన్నట్టు తేలిన ముక్క కావాలి. కాంగో రెడ్ రంగుకు అమైలాయిడ్ (కణజాలంలో పేరుకునే అసాధారణ ప్రొటీన్) ఉన్న ముక్క, ఇనుమును చూపే పెర్ల్స్ రంగుకు ఇనుము పేరుకున్న ముక్క కావాలి. లింఫ్ కణాలను గుర్తించే యాంటీబాడీలకు టాన్సిల్ చక్కగా సరిపోతుంది. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? ఎవరో ఒకరికి ఆపరేషన్ చేసి తీసిన దాంట్లో మిగిలిన భాగం నుంచే.

మిగిలిన తడి కణజాలాన్ని తుది రిపోర్టు తర్వాత కనీసం రెండు వారాలు, మైనం బ్లాకులను 10 ఏళ్లు దాచాలని కాలేజ్ ఆఫ్ అమెరికన్ పాథాలజిస్ట్స్ ప్రమాణాలు చెబుతాయి. గడువు తీరిన తడి కణజాలం చెత్తకు వెళుతుంది. కంట్రోల్ కోసం ఏదైనా తీసి పెట్టాలన్న ఆలోచన ఆ రోజు వస్తే లాభం లేదు. వారాల తరబడి ఫార్మలిన్‌లో నానిన ముక్కలో యాంటీబాడీలు అతుక్కోవాల్సిన యాంటిజెన్లు చాలావరకు సరిగ్గా బయటపడవు. రోగి ముక్క ఒక రోజు నాని, కంట్రోల్ ముక్క నెల రోజులు నానితే రెండింటినీ పోల్చి ఏం లాభం? ఏది ఉంచాలి, ఏది పారేయాలి అన్న నిర్ణయం కణజాలాన్ని మొదటిసారి కోసే గ్రాసింగ్ బల్ల దగ్గరే జరగాలి. అక్కడ ఎవరూ నిర్ణయించకపోతే పనికొచ్చే టాన్సిల్ బకెట్‌లోకి పోతుంది, పనికిరాని డబ్బాలు అరల్లో పేరుకుపోయి ఆవిరి కక్కుతుంటాయి.

కంట్రోల్ విషయంలో అశ్రద్ధ ఎంత దూరం తీసుకెళ్తుందో కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ చూసింది. అక్కడ 1997 నుంచి 2005 వరకు చేసిన రొమ్ము కేన్సర్ హార్మోన్ రిసెప్టార్ పరీక్షల్లో (హార్మోన్ మందు పనిచేసే రకమో కాదో చెప్పేవి) వందల మందికి తప్పుడు ఫలితాలు వచ్చాయని తేలింది. హార్మోన్ మందుతో మేలు జరగాల్సిన మహిళలకు ఆ మందు అందలేదు. జస్టిస్ మార్గరెట్ కామెరాన్ నేతృత్వంలోని విచారణ కమిషన్ 2009లో నివేదిక ఇచ్చింది. నాణ్యతను నిలబెట్టే ఏర్పాట్లే బలహీనంగా ఉన్నాయని అందులో స్పష్టంగా తేల్చింది. ఇది ఏ ఒక్క టెక్నీషియన్ పొరపాటో కాదు. కంట్రోల్ స్లైడ్ చెప్పే మాటను రోజూ చదివి, రాసి పెట్టే పద్ధతి లేకపోతే ఎక్కడైనా ఇదే జరుగుతుంది.

కంట్రోల్ ఉంటే చాలదు, తగినదై ఉండాలి. క్రిములు కిక్కిరిసిన క్షయ బ్లాక్‌ను కంట్రోల్‌గా పెట్టుకుంటే రంగు సగమే పనిచేసినా స్లైడ్ ఎర్రగా మెరుస్తుంది. ఒకటి రెండు క్రిములే ఉన్న రోగి మాత్రం ‘నెగటివ్’ అయిపోతారు. యాంటీబాడీలకూ ఇదే వర్తిస్తుంది. గట్టిగా పట్టే ముక్కతో పాటు పల్చగా మాత్రమే పట్టే ముక్క కూడా ఉంటేనే రంగు బలం తగ్గిన సంగతి తెలుస్తుంది. బజారులో కొన్న రెడీమేడ్ స్లైడ్లు రసాయనం పనిచేసిందో లేదో చెబుతాయి, మన ల్యాబ్‌లో కణజాలం సరిగ్గా నానిందో లేదో చెప్పవు. పైగా ముందే కోసి పెట్టుకున్న పొరలు నిల్వలో బలం కోల్పోతాయి. బ్లాక్‌గా ఉంచి, కావలసినప్పుడే కోసుకోవడం మేలు.

ఇక్కడ ఒక గీత గీయాలి. కంట్రోల్ కోసం రోగి డయాగ్నోసిస్ బ్లాక్‌ను అరగదీయడం ఏ పరిస్థితిలోనూ సరికాదు. కొన్నేళ్ల తర్వాత జబ్బు తిరగబెడితే జన్యు పరీక్షకు ఆ బ్లాకే దిక్కు కావచ్చు. అరుదైన జబ్బుల్లో ఈ ప్రలోభం ఎక్కువ, ఎందుకంటే అలాంటి ముక్క మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. అందుకే కంట్రోల్ ముక్క వేరే బ్లాక్‌గా, రోగి పేరు లేకుండా, సొంత నంబరుతో పుట్టాలి.

ఇక అనుమతి మాట. ఇంగ్లండ్‌లోని ఆల్డర్ హే ఆసుపత్రిలో చనిపోయిన పిల్లల అవయవాలను తల్లిదండ్రులకు తెలియకుండా దాచిన వ్యవహారంపై 2001లో విచారణ నివేదిక వచ్చింది. ఆ ఆగ్రహంలోంచే 2004 నాటి హ్యూమన్ టిష్యూ చట్టం పుట్టింది. ఆ చట్టం కూడా జీవించి ఉన్న రోగి నుంచి వచ్చిన మిగులు కణజాలాన్ని నాణ్యత పరీక్షకు వాడడానికి విడిగా అనుమతి అడగదు. చనిపోయిన వారిదైతే అడుగుతుంది. ఈ తేడా సబబైనదే. అయితే చట్టం అడగకపోయినా, ఆపరేషన్ అంగీకార పత్రంలో ‘మిగిలినది ల్యాబ్ నాణ్యత పరీక్షలకు వాడవచ్చు’ అన్న ఒక్క వాక్యం రాస్తే పోయేదేమీ లేదు. చాలామంది సంతోషంగానే ఒప్పుకుంటారు. వద్దన్నవారి మాటకు విలువ ఇవ్వాలి.

రసాయనాల దగ్గర పరిస్థితి ఇంకా దారుణం. సింకులో పోసి కాసేపు కుళాయి వదిలితే సరిపోతుందన్న అలవాటు మొండిగా బతుకుతోంది. ఫార్మలిన్ సూక్ష్మజీవులను చంపుతుంది. మురుగుశుద్ధి కేంద్రం నడిచేదే సూక్ష్మజీవుల మీద. జైలీన్ నీటిలో కలవదు సరికదా, మండే ఆవిరితో పైపుల్లో నిలిచిపోతుంది. కొన్ని యాంటీబాడీ ద్రావణాల్లో నిల్వ కోసం కలిపే సోడియం అజైడ్ రాగి, సీసం పైపులతో చేరి పేలుడు లవణాలుగా మారగలదు. కణజాలాన్ని నానబెట్టే మరో రసాయనమైన బూయిన్ ద్రావణంలో ఉండే పిక్రిక్ ఆమ్లం ఎండిపోతే పేలుడు పదార్థమే. ఏళ్ల కింద కొని అలమర వెనక వరసలో మరిచిపోయిన పసుపు సీసా మూతను ఎవరూ తిప్పకూడదు, నిపుణులను పిలవాలి. ఎముకను మెత్తబరిచే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఫార్మలిన్‌తో ఒకే క్యాన్‌లో పోస్తే బిస్-క్లోరోమిథైల్ ఈథర్ అనే కేన్సర్ కారకం ఏర్పడే ప్రమాదం ఉంది. ‘వేస్ట్’ అని మాత్రమే రాసిన క్యాన్ అందుకే ప్రమాదకరం. లోపల ఏముందో తెలియకుండా దాన్ని మోసేది సాధారణంగా ల్యాబ్‌లో అందరికంటే తక్కువ జీతం ఉన్న మనిషి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ కేన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్‌ను మనుషుల్లో కేన్సర్ కారకంగా నిర్ధారించింది. అమెరికా కార్మిక భద్రత నిబంధనలు గాలిలో దాని మోతాదుకు 8 గంటల సగటుకు 0.75 పీపీఎం (పది లక్షల భాగాలకు అన్ని భాగాలు), 15 నిమిషాలకు 2 పీపీఎం పరిమితి పెట్టాయి. ‘మాకు వాసనే రావడం లేదు’ అనేవారిని నమ్మకూడదు, రోజూ పీలిస్తే ముక్కు అలవాటు పడిపోతుంది. గాలిని కొలవాలి. డబ్బాలను ఖాళీ చేసే పనినీ గాలిని బయటికి లాగే హుడ్ కిందే చేయించాలి. ఫార్మలిన్‌లో ఉన్న ముక్కలను క్రిములను వేడి ఆవిరితో చంపే ఆటోక్లేవ్‌లో పెడితే ఆ వేడికి ఆవిరి గదంతా నిండుతుంది, వాటిని ద్రవం వేరుచేసి దహనానికి పంపాలి. గడ్డకట్టించిన కణజాలాన్ని కోసే క్రయోస్టాట్‌లో రాలిన ముక్కలు ఫార్మలిన్ చూడనివి, వాటిలో క్రిములు బతికే ఉండవచ్చు. ప్రియాన్ జబ్బు (రూపం మారిన ప్రొటీన్ వల్ల వచ్చే మెదడు జబ్బు) అనుమానం ఉన్న మెదడు ముక్క విషయంలో ఫార్మలిన్ మీద ఆశ పెట్టుకోకూడదు. దానికి ఫార్మిక్ ఆమ్లం, ప్రత్యేక దారి కావాలి. అలాంటి ముక్కలు కంట్రోల్ అల్మారా గడప తొక్కకూడదు.

ఖర్చు మాట వస్తుందని తెలుసు. జైలీన్‌ను, ఆల్కహాల్‌ను ల్యాబ్‌లోనే శుద్ధిచేసి తిరిగి వాడే యంత్రాలున్నాయి, కొనుగోలునూ చెత్తనూ ఒకేసారి తగ్గిస్తాయి. మామూలు స్వేదనంతో ఆల్కహాల్ 95 శాతం చుట్టూ ఆగిపోతుంది కాబట్టి చివరి దశకు కొత్తది కొనక తప్పదు. ఫార్మలిన్‌ను తటస్థం చేసే పొడులు వాడేవారు ప్రతి విడతా పరీక్ష పట్టీతో చూడాలి, డబ్బా మీది మాటతో సరిపెట్టుకోకూడదు.

తనిఖీకి వచ్చేవారు యంత్రాల సర్వీసు కాగితాలు అడుగుతారు. వాటితో పాటు రెండు రిజిస్టర్లు అడగాలి: ఏ క్యాన్ ఏ రోజు ఎవరికి అప్పగించారన్నది ఒకటి, ప్రతి కంట్రోల్ బ్లాక్ ఎప్పుడు తయారైంది, ఎంతసేపు నానింది, ఇంకెంత మిగిలిందన్నది మరొకటి. అమైలాయిడ్ వంటి అరుదైన కంట్రోల్ బ్లాకులు ఇప్పుడు ల్యాబ్‌ల మధ్య స్నేహాల మీద, కవర్లలో చేతులు మారుతున్నాయి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మంచిదే, ఆపకూడదు. కాకపోతే ప్రతి బ్లాక్ వెంట నానబెట్టిన సమయం, అనుమతి వివరం రాసిన కాగితం వెళ్లాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని నడిపే బాధ్యతను పాథాలజిస్టుల సంఘాలు తీసుకోవాలి.