సీమపనస ల్యాబ్‌లో పుట్టలేదు, పనసపిక్క విషం కాదు

"సీమపనస అసలైన చెట్టు కాదు, గింజ రాకుండా ల్యాబ్‌లో తయారు చేసిన హైబ్రిడ్ పనస. దురియన్ కూడా ఈ జాతిదే. పనసపిక్కలు విషం, పారేయండి." ఈ మెసేజ్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఇందులో నిజం ఒక్కటే: పనస, సీమపనస చుట్టాలు. రెండూ ఆర్టోకార్పస్ అనే ఒకే ప్రజాతివే. సీమపనస అంటే ఇంగ్లిష్‌లో బ్రెడ్‌ఫ్రూట్.

ముందు ల్యాబ్ సంగతి. సీమపనస పనస నుంచి పుట్టింది కాదు. దాని మూలం న్యూగినీ వైపు అడవుల్లో పెరిగే, కాయ నిండా గింజలుండే ఆర్టోకార్పస్ కమాన్సి అనే చెట్టు. పసిఫిక్ దీవులకు వలస వెళ్లినవాళ్లు మంచి కాపు చెట్ల వేరు పిలకల్ని పడవల్లో పట్టుకెళ్లి, దీవి నుంచి దీవికి నాటుకుంటూ పోయారు. అలా తరతరాలుగా ఏరుకున్న రకాలే ఇవి. గింజలేని వాటిలో చాలా రకాలకు క్రోమోజోములు రెండు సెట్లకు బదులు మూడు ఉంటాయి, అందుకే గింజ కట్టదు. 1789లో బౌంటీ అనే బ్రిటిష్ ఓడ పసిఫిక్‌లోని తహితి దీవి నుంచి వెయ్యికి పైగా సీమపనస మొక్కలతో వెస్టిండీస్‌కు బయల్దేరింది. గింజలేని రకాలు కాబట్టి మొక్కలనే మోసుకెళ్లాల్సి వచ్చింది! దారిలో తిరుగుబాటు జరిగి ఆ మొక్కలు చేరలేదు. ఆ ఓడ కెప్టెన్ విలియం బ్లైయే 1793లో మళ్లీ తెచ్చి వెస్టిండీస్‌లో దించాడు. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ బఠానీ ప్రయోగాలు కూడా అప్పటికి ఇంకా మొదలే కాలేదు. ఇక ల్యాబ్ ఎక్కడిది?

హైబ్రిడ్‌కు రుజువంటూ చీలికల ఆకులున్న పనస మొక్క ఫొటో ఒకటి జతచేస్తున్నారు. లేత పనస మొక్కకు ఆకులు అలా చీలి ఉండటం మామూలే. పెద్దయ్యాక నిండు ఆకులే వస్తాయి. సీమపనసలో చాలా రకాలకైతే ముదిరినా చీలికలు పోవు.

ఆగ్నేయాసియాలో పండే దురియన్‌కు ముళ్లున్నంత మాత్రాన పనస కాదు. అది పత్తి, బెండ, మందార కుటుంబం. ఒకే పువ్వు నుంచి వచ్చే కాయ, పండితే నిలువునా పగులుతుంది. పనస అలా కాదు, వేల పువ్వులు కలిసి ఒక్క పండవుతుంది. పైన కనిపించే ఒక్కో బుడిపె ఒక్కో పువ్వు కొన. ఫలదీకరణ జరిగిన పువ్వు తొన అవుతుంది, జరగనివి తొనల మధ్య పీచుగా మిగులుతాయి. కోస్తే తెల్లటి పాలు కారి, నూనె రాసుకోకపోతే చేతులకూ కత్తికీ జిగురు అంటుకుపోతుంది. ఆ పాలు మర్రికీ, రావికీ, మేడికీ ఉంటాయి. పనసకు అసలు చుట్టాలు అవే.

చివరిది నాకు నిజంగా కోపం తెప్పించిన మాట. పచ్చి పిక్కలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలుంటాయి, నిజమే. పచ్చిగా తింటే అరగవు. కానీ బాగా ఉడికిస్తేనో, కాలిస్తేనో వాటి పని చాలావరకు పోతుంది. మిగిలేది పిండిపదార్థం, మాంసకృత్తులు ఉన్న మంచి తిండి. ఇంత తిండిని విషమని పారేయించడం అన్యాయం. సీమపనసకు మూలమైన ఆ కమాన్సి చెట్టును పెంచేదే ప్రధానంగా పిక్కల కోసం.