మురుగు కాలవకి ఓటేద్దాం రండి

అయ్యలారా, అమ్మలారా, ఫోన్లు చేతిలోకి తీసుకోండి, మన మూడూళ్ళ మురుగు కాలవ భవిష్యత్తు ఇప్పుడు అందులోనే ఉంది. సంగతేంటో మీకు తెలీకపోవడానికి ఛాన్సే లేదు, ఊరి వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్ గులాబీల కన్నా ముందే ఆ మెసేజ్ వచ్చి కూర్చుంటోంది కదా. ఎవరో పెద్ద కంపెనీ వాళ్ళు (పేరు చెప్పను, వాళ్ళకి కావాల్సింది అదే) పక్కపక్క పంచాయతీలు కలిసి ఏదైనా మంచి పని చేసుకుంటామంటే డబ్బులిస్తారంట, దాని పేరు సహకార గ్రాంటు అంట. ఊరికే ఏం ఇవ్వరు, ఏ ఊళ్ళ జట్టుకి ఎక్కువ ఓట్లు పడితే దానికే. మన మూడు పంచాయతీలూ కలిసి మధ్యలో పారే మురుగు కాలవని బాగుచేసుకుంటామని అప్లికేషన్ పెట్టాయి. పారే అన్నది మర్యాద కోసం రాశాను.

అప్పట్నుంచి ఊళ్ళో ఇంకో పని లేదు. పాలకేంద్రం దగ్గర ఓటు, రేషన్ దగ్గర ఓటు, పెళ్ళిలో అక్షింతలు వేసి దిగుతుంటే మెట్ల దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఓటు. అంత్యక్రియల్లో కూడా అడిగారంటే నేను నమ్మలేదు గానీ, అడిగిన మనిషే నాతో చెప్పాడు, "జనం ఒకచోట దొరికేది అక్కడేనండి మరి" అన్నాడు, అదీ నిజమే.

కంపెనీ వాళ్ళకి ఒక విషయంలో మాత్రం భరోసా ఇవ్వగలను, సహకారం మాకు కొత్తేం కాదు. యేటా సార్వాలో, అంటే ఖరీఫ్ పంటప్పుడు, వానలు పట్టగానే ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కాలవని గుర్రపుడెక్క కప్పేస్తుంది. అప్పుడు పైవూరోళ్ళు రాత్రిపూట వెదురు గెడలు పట్టుకొచ్చి దాన్ని మా హద్దులోకి తోస్తారు. మర్నాడు రాత్రి మేం అవే గెడలతో కిందూరి హద్దులోకి తోస్తాం. కిందూరోళ్ళు పాపం ఇంకా తోయాలంటే సముద్రం దాకా వెళ్ళాలి, అంత ఓపిక లేక వంతెన కింద అడ్డంగా తడికె కట్టి మా వైపే నిలబెడతారు. మూడు పంచాయతీలు ఇంత క్రమశిక్షణగా, టైం ప్రకారం, ఒకరికొకరు ఫోన్ కూడా చేసుకోకుండా కలిసి చేసే పని జిల్లా మొత్తం మీద ఇంకోటుంటే చూపించండి.

ఇక ఆ ఫొటో కథ. అప్లికేషన్‌తో పాటు ముగ్గురు సర్పంచులూ పని జరిగే చోట కలిసి నిలబడ్డ ఫొటో పెట్టాలంట. సరే, వంతెన మీద ముహూర్తం పెట్టారు. పైవూరు సర్పంచ్ గారు వాటం ప్రకారం పైవైపే నిలబడతానన్నారు, కిందూరి ఆయనకి అది అవమానంగా తోచింది, నీళ్ళు నీ దగ్గర్నుంచి వస్తే వచ్చాయి గానీ ఫొటోలో కూడా నీ కిందే ఉండాలా అన్నారు. మా ఊరి సర్పంచ్ ఆడమనిషి, కాబట్టి ఎప్పట్లాగే వాళ్ళాయన వచ్చి మధ్యలో నిలబడ్డారు. కాయితం మీద ఉన్నది మేడం గారి పేరు కదండీ అని ఫొటోగ్రాఫరు నసిగేసరికి, పొయ్యి మీద కూర దించేసి ఆవిణ్ణి బండి మీద తీసుకొచ్చారు. ఆవిడ వచ్చినా ఆయన జరగలేదు. మూడు పంచాయతీలకి నాలుగు జతల చేతులు లేచాయి.

అప్పుడు ఫొటోగ్రాఫరు కెమెరా దించేసి బ్యాక్‌గ్రౌండ్ బాలేదండి అన్నాడు. బాలేకపోవడం ఏంటి, గుర్రపుడెక్క, థర్మాకోల్ ప్లేట్లు, ఉబ్బిన కోడి ఒకటి, ఎవరిదో పాత పరుపు, అన్నీ ఉన్నాయి, గ్రాంటు అడిగేది వాటి కోసమే కదా, అవి కనపడితేనే కదా డబ్బులొచ్చేది! లేదు, చూడ్డానికి బాగుండదన్నారు. టౌన్‌కి మనిషిని పంపి ఫ్లెక్సీ వేయించారు. ఏ దేశం కాలవో తెలీదు, అద్దంలాంటి నీళ్ళు, నాలుగు హంసలు, రెండు గట్ల మీదా మనోళ్ళు కంప్యూటర్లో అతికించిన కొబ్బరిచెట్లు. దాన్ని తెచ్చి వంతెన కమ్మీలకి కట్టి, నిజం కొబ్బరిచెట్లని అచ్చేసిన కొబ్బరిచెట్ల వెనక దాచేసి, ఆ హంసల ముందు నలుగురూ చేతులెత్తి నవ్వారు. ఫొటో చాలా బాగొచ్చింది, నేనూ షేర్ చేశాను.

ఆ సాయంత్రం గాలికి ఫ్లెక్సీ తెగి కాలవలో పడి తూముకి అడ్డం చుట్టుకుంది. తీయాల్సింది ఎవరంటే, కట్టింది మా కమ్మీకి, పడింది పైవూరి హద్దులో, ఇరుక్కుంది కిందూరి తూములో. ఇంకా అక్కడే ఉంది. దాని మీద 'కలిసి కడుగుదాం' అన్న అక్షరాలు నీళ్ళు తగ్గినప్పుడు బాగానే కనపడతాయి.

ఓట్లు పోగేసే డ్యూటీ ఎవరికి వేశారనుకున్నారు? చెత్త బండి తోలే ఆవిడకి. గ్రీన్ అంబాసిడర్ అని కాయితాల మీద పెద్ద పేరే ఉంది లెండి. ఇంటింటికీ తిరిగేది ఎలాగూ ఆవిడే కదా, తడి చెత్త, పొడి చెత్త, ఓటీపీ, మూడూ పట్టుకొచ్చేయ్ అన్నారు. మా వీధి చివర మామ్మగారి గుమ్మం దగ్గర జరిగింది నా చెవులతో విన్నాను.

"మామ్మగారండీ, ఫోనుకి ఆరంకెలు వచ్చుంటాయి, చెప్పండి కాస్త."

"ఓటీపీయేనా? ఎవరికీ చెప్పొద్దని కువైట్ నుంచి నా కూతురు ఫోన్ చేసినప్పుడల్లా ప్రాణం తోడేస్తాది అమ్మాయ్."

"ఇది బ్యాంకుది కాదండి, మురుక్కాలవదండి."

"మురుక్కాలవకి ఓటీపీ ఎందుకే, ఎక్కడికైనా పారిపోతాదా?"

"పారట్లేదనే కదండీ మామ్మగారూ!"

ఇంతకీ ఆవిడకి నెలల తరబడి జీతం రాలేదు. ఈ ముక్క నవ్వుతూ రాయడం నా వల్ల కాదు. మన ఇంటి కుళ్ళు రోజూ చేత్తో ఎత్తే మనిషికి కూలి డబ్బులివ్వలేని పంచాయతీ, ఆవిడ చేతే ఓట్లు అడుక్కోమని పంపింది, అడుక్కున్న డబ్బులొస్తే పొక్లెయిన్ తెస్తారంట. ఆవిడ జీతానికి ఏ యాప్‌లో ఓటెయ్యాలో చెప్పండి, ముందు అది నొక్కుతాను.

పైగా సహకారం నిరూపించుకోవాలంట, అదీ కోనసీమలో! కనుమ నాడు జగ్గన్నతోటకి వచ్చి చూడమనండి ఆ కంపెనీ బాబుల్ని. పదకొండూళ్ళ నుంచి వెదురుతో కట్టిన పదకొండు దేవుడి ప్రభలు భుజాల మీద వస్తాయి, పచ్చటి వరిచేల మధ్యనుంచి తొక్కుకుంటూ వస్తే చేను గల రైతు అడ్డం పడడు, దణ్ణం పెడతాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలైతే కౌశిక కాలవలో దిగి నీళ్ళలోంచి దాటతాయి, ప్రభ తడవకూడదు, ఒరగకూడదు, ఆ మోసేవాళ్ళలో ఎవడు ఎవడి భుజం కింద ఉన్నాడో ఎవడికీ పట్టదు. 2023లో రిపబ్లిక్ డేకి ఢిల్లీలో మన శకటం మీద తిప్పింది ఈ ప్రభల్నే. దానికి ఎవడూ క్యూఆర్ కోడ్ పెట్టలేదు. కనుమ వెళ్ళాక అదే కౌశిక మళ్ళీ ఒక డ్రెయిన్, ఎవరి పనీ కాదు.

అసలు డెల్టా అంటే ఏంటో ఒకసారి గుర్తు చేసుకోవాలి. కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నీళ్ళు తెచ్చాడు, ఊరికో విగ్రహం పెట్టి దండలేస్తున్నాం, బాగానే ఉంది. కానీ బల్లపరుపు నేల మనది, వచ్చిన నీళ్ళు తిరిగి సముద్రంలోకి పోకపోతే చేలోనే నిలబడతాయి. పంట కాలవ ఎంత ముఖ్యమో మురుగు కాలవ అంతే ముఖ్యం, అది పూడిపోతే సార్వా చేను రోజుల తరబడి నీళ్ళలో నాని దుబ్బు కుళ్ళిపోతుంది, కోసేముందు వానొస్తే వెన్నులకే మొలకలొస్తాయి. 2011లో ఇక్కడి రైతులు గిట్టుబాటు కాక క్రాప్ హాలిడే అని వేల ఎకరాలు బీడు పెట్టారు. 2022లో మళ్ళీ ఆ మాట లేచినప్పుడు ధాన్యం డబ్బుల గోలతో పాటు చెప్పింది ఈ మురుగు కాలవల గురించే. పెద్ద డ్రెయిన్లు డ్రైనేజీ శాఖవి, ఊళ్ళో కాలవలు పంచాయతీవి, చేలో నీళ్ళు మాత్రం రైతువి.

ఇప్పుడు దీన్ని పాటల పోటీ చేసేశారు. సరే మనం గెలిచాం అనుకుందాం, ఓడిపోయినోళ్ళెవరు? మనతో పోటీలో గోదావరి మధ్యనుండే లంక గ్రామాల జట్టు ఒకటి కూడా ఉంది, వాళ్ళకి పడవ దాటితే గానీ సిగ్నల్ దొరకదు, వరదొస్తే ముందు పోయేది టవరే. వాళ్ళ ఓట్లు పడవు. ఫోన్లు తక్కువున్న ఊరి నీళ్ళు నిదానంగా పోతాయా? వాళ్ళ వరి కుళ్ళదా? సిగ్గుండాలి కదా కొంచెం. పక్కూరి కాలవని ఓడించి మన కాలవ బాగుచేసుకోవడానికి సహకారం అని పేరు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి అసలు!

డబ్బుల్లేవా అంటే, 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన దాంట్లో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికే వాడాలని కట్టేసి మరీ పెట్టింది. అదే 2021లో ఆ సంఘం డబ్బులు కరెంటు బకాయిల కింద సర్దేశారని మన సర్పంచులు పార్టీలు కూడా మర్చిపోయి రోడ్డెక్కారు. ఆ రోజు అది మా హక్కు అన్న నోళ్ళే ఇవాళ దయచేసి లింక్ నొక్కండి అంటున్నాయి.

ఈగ్రామస్వరాజ్ అని కేంద్రం వాళ్ళ సైటుంది, ఏ పంచాయతీకి ఎంతొచ్చింది, దేనికి ఖర్చు రాశారు అన్నది ఎవరైనా చూడొచ్చు, దానికి ఓటీపీ చెప్పించుకునేవాళ్ళెవరూ ఇంటికి రారు. ఫోన్లు చేతిలోనే ఉన్నాయి కాబట్టి పన్లో పని అది కూడా తెరవండి. నేను తెరిచి, పారిశుధ్యం పద్దు కింద రాసిన ఖర్చు ఏ కాలవలో పోశారండీ అని మా సర్పంచ్ గారి భర్త గారిని అడిగాను. ఆయ్, లెక్కలన్నీ సెక్రటరీ గారి దగ్గరుంటాయండి అన్నారు. పంచాయతీ ఆఫీసుకి వెళితే తాళం. స్టాఫ్ అంతా ఓట్ల పని మీద బయటికెళ్ళారని తలుపుకి చీటీ అంటించి, కింద ఖాళీ ఉంది కదాని క్యూఆర్ కోడ్ కూడా అంటించారు.